ముచ్చట రేడియో గోడ మీది బొంత

నేను ఒక బొంతను. పరుపు లేని ఇంట్లో పరుపు పని, దుప్పటి పని రెండూ చేసే రకం. నాలో ఏడు చీరలు, రెండు పంచెలు, ఒక లుంగీ, ఎన్నికలప్పుడు ఎవరో విప్పడం మరిచిపోయిన గుడ్డ బ్యానరు ఒకటి ఉన్నాయి. ఆ బ్యానరు మీది నాయకుడు ఇప్పటికీ నా కడుపులో ఎక్కడో చేతులు జోడించుకునే ఉన్నాడు. గెలిచాడో ఓడాడో పాపం అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

ఎర్రగుట్టపల్లి ముత్తెవ్వ ఒక ఎండాకాలమంతా కూర్చుని నన్ను కుట్టింది. ఆమె మనసు బాగున్న రోజు కుట్లు బారుగా, తీరిగ్గా సాగేవి. ఎవరితోనైనా పోట్లాడిన రోజు చీమ కూడా దూరనంత దగ్గరగా పడేవి. నా కుడి వైపు ఇనప రేకులా ఉంటుంది. ఆ వైపు కుట్టిన వారం ఆమె తోడికోడలు ఇంటికొచ్చి ఉండింది.

ముందు ముత్తెవ్వ కొడుకు నన్ను కప్పుకున్నాడు, తర్వాత అతని పిల్లలు కప్పుకున్నారు. పిల్లలు కప్పుకున్నారు అనేది మర్యాద మాట. వాళ్లు నాకేం చేశారో మళ్లీ మళ్లీ నన్ను ఉతికినవాళ్లకు తెలుసు. ఒక చలికాలం అప్పుడే పుట్టిన గేదెదూడ మీద వేశారు. నిజం చెప్పాలంటే మనుషుల కంటే అదే నయం. రాత్రంతా నా కొసను అటు ఒకరు ఇటు ఒకరు లాక్కోలేదు.

ఇంతలో ఊరి ఆడవాళ్ల సంఘం పాత విత్తనాల గోదాములో ఒక రేడియో పెట్టింది. పేరు ముచ్చట రేడియో. చుట్టుపక్కల పన్నెండు ఊళ్లకు వినబడుతుంది. ఆ ఊళ్లలో సగం మంది ఆడవాళ్లు బీడీలు చుడతారు. వాళ్ల చేతులకు తీరిక ఉండదు గాని చెవులు రోజంతా ఖాళీ. ముత్తెవ్వ కోడలు గంగామణి కూడా బీడీలు చుట్టేదే. సాయంత్రం ఆరు కాగానే చాట పక్కన పెట్టి, చేతులకంటిన తంబాకు కడుక్కుని, వెళ్లి మైకు ముందు కూర్చునేది. సూదులేసే నర్సమ్మ ఏ ఊరికి ఎప్పుడొస్తుందో, పసుపు ఉడికించే డ్రమ్ము ఇప్పుడు ఎవరి కల్లంలో ఉందో, ఎవరి కోడి తప్పిపోయిందో, ఎవరింట్లో లెక్కకు మించి ఒక కోడి కనబడుతోందో, అన్నీ చెప్పేది.

మొదటి రోజే చిక్కొచ్చింది. గోదాము ఎత్తైనది, ఖాళీది. గంగామణి ఒక మాటంటే గోడలు రెండు మాటలు తిరిగి అన్నాయి. తన కోడలికి ఎదురుమాట చెప్పే హక్కు తనకొక్కదానికే ఉందని నమ్మే ముత్తెవ్వకు ఇది అస్సలు నచ్చలేదు. మర్నాడు నన్ను భుజాన వేసుకొచ్చి, నాలుగు మేకులతో గోడకు కొట్టించింది. గోడ సగం నోరు మూసింది. అది చూసి మిగతా ఆడవాళ్లు కూడా తమ తమ బొంతలు తెచ్చారు. వారం తిరిగేసరికి గోదాములో ఇరవై మూడు బొంతలం వేలాడుతున్నాం. పట్నంలో ఈ పనికి ఏదో ప్రత్యేకమైన స్పాంజి వాడతారట. మమ్మల్ని చూడ్డానికి వచ్చిన వాళ్లు ఆ మాటే చెప్పి పెదవి విరిచేవారు. నాకు ఒళ్లు మండేది. ఆ స్పాంజి ఏ దూడనైనా బతికించిందా?

అయితే మేం ఎండాకాలం తెచ్చిన బొంతలం. చలి మొదలవగానే మా సంగతి మా వాళ్లకు గుర్తొచ్చింది. అందరికంటే ముందు వచ్చింది మా ముత్తెవ్వే.

"రేడియోకిచ్చిన్నంటే ఎండకాలానికి ఇచ్చిన. సలికి ఇచ్చిన్ననలే గదా?" అంటూ మేకులు పీకి, నన్ను చంకన పెట్టుకుని నడిచింది.

ఆ తర్వాత రోజుకొక బొంత దిగిపోయింది. బొంతలు తగ్గిన కొద్దీ గంగామణి గొంతు బావిలోంచి వస్తున్నట్టు వినబడసాగింది. జనం ఏమైనా బాధపడ్డారా? లేదు. రేడియో ఎంత మారుమోగితే చలి అంత ఎక్కువని లెక్క కట్టుకున్నారు. "ఇయ్యాల గంగామణి మాట రెండుసార్లు ఇనొస్తుంది, పోరగాండ్లకు స్వెట్టర్లు తొడుగుండ్రి" అనేవారు. నేను చాలామంది మనుషుల్ని కప్పాను గాని, వాళ్ల తలకాయలు ఎలా పనిచేస్తాయో మాత్రం నాకు అంతుపట్టలేదు.

ఎటొచ్చీ, పట్నంలో మాత్రం వేరే లెక్క కట్టారు. ముచ్చట రేడియోకు యంత్రాలిచ్చింది అక్కడి ఒక ట్రస్టు. డిసెంబరు నాటి కార్యక్రమం ఒకటి వాళ్లు విన్నారట. వినగానే, చంద్రమౌళి గారు అనే అధికారి వచ్చి పరీక్ష చేస్తారని కబురు పంపారు. ధ్వని బాగాలేకపోతే ఇక్కడ కార్యక్రమాలు ఆపేసి, పట్నంలో తయారైనవే మా రేడియో టవరు మీదుగా రిలే చేస్తారు. రేడియో ఉంటుంది. దానిలో ఎర్రగుట్టపల్లి ఉండదు. గంగామణికి సాయంత్రం స్విచ్చి వేసి, రాత్రి స్విచ్చి తీసే పని మిగులుతుంది.

ఆ సంగతి ఇంట్లో చెబుతున్నప్పుడు నేను ముత్తెవ్వ కాళ్ల మీద ఉన్నాను.

"ఇన్నేండ్ల సంది బీడీలు చుట్టిన. కట్ట తక్కువైతెనే నన్ను పేరు వెట్టి పిలిచిండ్రు. గిప్పుడు పన్నెండూర్లల్ల ఏడికి పోయినా రేడియో గంగామణి అంటున్నరు అత్తా," అంది గంగామణి. ఆ మాట అంటూ చాటలోని ఆకును కత్తిరిస్తూ కూర్చుంది. ఒకే ఆకును ఎన్నిసార్లు కత్తిరించిందంటే చివరికి దానిలో బీడీ కాదు గదా, అగ్గిపుల్ల కూడా పట్టదు. నాకు చాలా బాధేసింది.

మర్నాడు ఆమె మైకులోనే అడిగింది. "పట్నం సారు రేపొస్తున్నడు. ఒక్క గంట సేపు మీ బొంతలు తెచ్చి రేడియోకియ్యుండ్రి. మళ్ల మీయి మీకే ఇస్తం." గోడలు ఆ విన్నపాన్ని రెండుసార్లు చెప్పాయి, కాబట్టి వినలేదనే సాకు ఎవరికీ లేదు.

మర్నాడు సాయంత్రం ఆరు లోపే బొంతలు వచ్చాయి. ఇరవై మూడు కాదు, నలభై దాకా వచ్చాయి. కాకపోతే ప్రతి బొంతలోనూ ఒక మనిషి ఉన్నాడు, నాలో ముత్తెవ్వ ఉంది. కొన్నిటిలో ఇద్దరు ఉన్నారు.

"బొంత ఇయ్య అంటున్ననా? ఇస్త. గని నేను అండ్లనే ఉంట," అన్నాడు సాయిలు. ఊళ్లో అందరి తప్పులూ సరిదిద్దే బాధ్యత తన మీద వేసుకున్న ముసలాయన. గొంగడి కప్పుకున్నట్టు బొంతను తల మీదుగా కప్పుకుని, కళ్లు మాత్రం బయటికి పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతని పొట్ట ఆ రోజు కాస్త ఎత్తుగా కనబడింది. చలికి ఎక్కువ తిన్నాడేమో అనుకున్నాను.

అందరూ అలాగే నాలుగు గోడల వెంబడీ కూర్చున్నారు. గంగామణి మైకు ముందు చప్పట్లు కొట్టి చూసింది. చప్పట్లు తిరిగి రాలేదు. ఆమె ముఖం వెలిగింది.

చంద్రమౌళి గారు పలచటి చొక్కాతో వచ్చారు. పట్నం నుంచి బయల్దేరినప్పుడు చలి లేదట. చేతిలో ఫారం, పళ్లు టకటక. నిలబడి ఒకసారి బొంతల్ని చూశారు. బొంతలు కూడా ఆయన్ని చూశాయి.

"అమ్మా, ఇది పరీక్ష. ఐదు నిమిషాలు ఈ కాగితంలో ఉన్నదే చదవండి. ఊరి ప్రకటనలు వద్దు. మిగతావాళ్లు దయచేసి చప్పుడు చేయవద్దు," అన్నారాయన. 'దయచేసి' అనే మాట మూడు ముక్కలుగా వణికింది.

"గట్లనే గని, ముందుగాల ఇట్ల రా బిడ్డా. సగం కప్పుకో," అని ముత్తెవ్వ ఆయన చెయ్యి పట్టి లాగింది. ఒక అధికారి ఇలా లాగబడకూడదని ఏ రూలులోనైనా ఉందేమో. ఉన్నా చలిలో గుర్తు రాలేదు. ఆయన నాలోకి వచ్చి, ఫారం మోకాలి మీద పెట్టుకున్నారు. కుట్లు గట్టిగా ఉన్న వైపు ఆయనకు ఇచ్చింది మా ముత్తెవ్వ. ఆ వైపు గాలి దూరదు.

గంగామణి కాగితం అందుకుని చదివింది. అది ఎక్కడిదో పొడిబారిన వాతావరణం గురించీ, ఏ ఊరో తెలియని రైతుల గురించీ రాసిన పేజీ. తడబడకుండా, చక్కగా చదివింది. నలభై బొంతలూ మారుమోతను మింగేశాయి. చంద్రమౌళి గారు నాలో కూర్చుని ఫారంలో ధ్వని అన్న చోట 'స్పష్టం' అని రాసుకున్నారు. గెలిచేశాం అనుకున్నాను.

పేజీ అయిపోయింది. ఇంకా ఒక నిమిషం మిగిలింది. గంగామణి చూపు గుమ్మం దగ్గర ఆగింది. అక్కడ భూదెవ్వ నిలబడి ఉంది. ఆమె మేకపిల్ల తప్పిపోయి మూడు రోజులైంది. ఇవాళ చెబుతానని గంగామణి మాటిచ్చింది. భూదెవ్వ ఆమెనే చూస్తోంది. రేపటి నుంచి రిలే వస్తే ఇక ఈ మేక సంగతి ఎప్పటికీ ఎవరూ చదవరు. గంగామణి ఆ అచ్చు కాగితాన్ని బోర్లా పెట్టింది.

"భూదెవ్వ మేకపిల్ల తప్పిపోయింది. నల్లది. ఎడమ చెవి తెల్లగుంటది. ఎవలకన్న దొరికితె..."

"ఎడమది కాదు, కుడిది!" అన్నాడు సాయిలు.

గదంతా అతని వైపు తిరిగింది. నీకెట్ల తెలుసని ఎవరూ అడగాల్సిన అవసరం రాలేదు. అతని బొంత "మే" అంది.

ఆ మనిషి మూడు రోజుల నుంచీ ఆ మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని పడుకుంటున్నాడు. రేడియోలో తప్పు చెబుతుంటే విని ఊరుకోలేక, తన దొంగతనాన్ని తానే పన్నెండు ఊళ్లకు ప్రసారం చేసుకున్నాడు.

"మేకపిల్లను ఎత్కపోయినవా సాయిలన్నా!" అని భూదెవ్వ గుమ్మం దగ్గర్నుంచి అరిచింది.

"ఎత్కపోలే! అదే వచ్చింది. మస్తు వెచ్చగుంటది. సలి తగ్గినంక ఇద్దామనుకున్న," అన్నాడు సాయిలు. నలభై బొంతలూ ఒక్కసారిగా మాట్లాడాయి. మేకపిల్ల బొంత లోంచి దూకి, పరీక్ష కాగితాన్ని నమలసాగింది. గంగామణి మైకు ముందు తల వంచుకుని కూర్చుంది. అంతా అయిపోయిందని ఆమె భుజాలే చెబుతున్నాయి.

అప్పుడు, వినేవాళ్ల కోసం గోడ దగ్గర పెట్టిన ఫోను మోగింది. గంగామణి కదల్లేదు. ఫోనుకు దగ్గరగా ఉన్నది చంద్రమౌళి గారు కాబట్టి, అలవాటు కొద్దీ ఆయనే తీశారు.

"ఏ చెవయ్యా తెల్లగుంది?" అని అవతల ఒక ఆడగొంతు. ఎంత గట్టిగా అడిగిందంటే నాకు కూడా వినబడింది.

ఆయన మెడ చాచి మేకపిల్లను చూశారు. అది కాగితం కోసం తల అటూ ఇటూ తిప్పుతోంది. "కుడిదేనమ్మా," అన్నారు. పెట్టేశారు. మళ్లీ మోగింది. సాయిలు మేకను ఇచ్చేశాడా అని ఒకామె. ఇంకా లేదమ్మా, వాదిస్తున్నాడు. సాయిలును కొట్టొద్దని చెప్పు బిడ్డా, ఇంట్ల ఒక్కడే ఉంటడు అని ఇంకొక పెద్దామె. అలాగేనమ్మా. పన్నెండో ఫోనుకు ఆయన నన్ను సగం భుజాన వేసుకుని లేచి నిలబడి, "ఇచ్చేశాడమ్మా! ఇప్పుడే, నా కళ్ల ముందే!" అని కేక పెట్టారు. భూదెవ్వ ఒళ్లో మేకపిల్ల ఉంది. సాయిలు ఖాళీ అయిన తన బొంతను చూసుకుంటూ కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు భూదెవ్వ, "సలి తగ్గెదాంక రాత్రిపూట తీస్కపోయి పొద్దుగాల పట్టుకరా," అని అతనితో అంటుంటే విన్నాను.

చంద్రమౌళి గారు మళ్లీ నాలో కూర్చున్నారు. ధ్వని అన్న చోట 'స్పష్టం' కొట్టేసి, 'విపరీతమైన గోల' అని రాశారు. ఆయన నిజాయితీపరుడు. ఆ కింద రిలే సిఫారసు అని ఒక గడి ఉంది. దాని మీద పెన్ను చాలాసేపు ఆగింది.

"ఏం రాసిండ్రు సారూ?" అని గంగామణి దగ్గరికొచ్చి అడిగింది. "నేను రేపటి సంది రావాల్నా, వద్దా?"

"రావాలమ్మా. రిలే వద్దని రాశాను. పట్నంలో మా స్టూడియోలో సూది పడితే వినబడుతుంది," అన్నారాయన. "కాని ఇన్నేళ్లలో మాకు ఒక్కరు కూడా ఫోను చెయ్యలేదు."

గంగామణి నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. చుట్టూ చూసి, దొరికిన గుడ్డ ఏదో అందుకుని కళ్లు తుడుచుకుంది, ముక్కు కూడా తుడుచుకుంది. ఆ గుడ్డ కొస నాదే. నా మీద చాలామంది చాలా వదిలారు, అన్నిటికీ విసుక్కున్నాను. ఆ తర్వాత ముత్తెవ్వ నన్ను రెండుసార్లు ఉతికింది. రెండుసార్లూ ఆ కొస తడవకుండా ఉండాలని నా శాయశక్తులా మెలి తిరిగాను.