దిగే చోటు

దసరా పొద్దున శివమ్మ ఇంట్లో పనిముట్లన్నీ పీట మీదికి చేరాయి. ఆమె కొడవలి, కోడలు అరుణ కత్తెర, కొడుకు జైపాల్ బండి తాళంచెవి, వాటి పక్కనే నాలుగు రెక్కల డ్రోన్ కెమెరా. శివమ్మ ఉంగరపు వేలితో అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వచ్చి డ్రోన్ దగ్గర ఆగిపోయింది.

"దీని మొకం యాడున్నదిరా?"

"కెమెరా మీద పెట్టకవ్వా, మసక కొడ్తది. రెక్కలకు పెట్టు" అన్నాడు జైపాల్.

"నాలుగిట్లకు పెట్టు నాయనమ్మా!" అంది ఐదేళ్ల మనవరాలు శ్రీదివ్య. శివమ్మ నాలుగు రెక్కలకూ బొట్లు పెట్టి, చల్లగా చూడమని దానికి దండం కూడా పెట్టింది. యంత్రానికి దండం పెట్టడం మనకు బాగా తెలుసు. దానితో ఎలా మెలగాలో అడిగి తెలుసుకోవడమే మనకు నామోషీ.

జైపాల్‌కి ఆ నామోషీ ఉందని మాత్రం ఎవరూ అనలేరు. జిన్నారం దగ్గరి ఓ రసాయనాల కర్మాగారంలో అతన్ని పర్మిట్ జైపాల్ అంటారు. లోపల ఎవరు వెల్డింగ్ పని మొదలుపెట్టాలన్నా ముందు అతను వచ్చి చుట్టూ తిరిగి చూడాలి. డ్రమ్ములు ఎంత దూరంలో ఉన్నాయో, గాలి ఎటు వీస్తోందో చూసుకుని కాగితం మీద సంతకం పెట్టాలి. బిహార్ నుంచి వచ్చిన వెల్డర్ తొందరపెడితే, "నిప్పురవ్వకు నీ డ్యూటీ టైం తెల్వది భయ్యా, జెర ఆగు" అనేవాడు. జేబులో ఫోనుతో లోపలికి రాబోయిన మేనేజరునే ఒకసారి గేటు దగ్గర ఆపేశాడు.

ఇంత జాగ్రత్తపరుడు సెలవు రోజుల్లో పెళ్లిళ్లకు డ్రోన్ ఎగరేసేవాడు. కిందటేడు ఊరి దసరా బాణసంచాను పైనుంచి తీసి ఫోన్లలో పెడితే లక్షమంది చూశారు. అందులో జనం చీమల బారులా కనిపించారు. అది చూసి ఊరంతా మురిసిపోయింది. ఈసారి మెరుపుల మధ్యలోంచి తీయాలని జైపాల్‌కి పట్టుదల, ఎలాగైనా తీయించాలని ఉత్సవ కమిటీ పెద్ద బాలరాజ్‌కి అంతకన్నా పట్టుదల.

సాయంత్రం మైదానం అంచున కొంత జాగా చూసుకుని, చుట్టూ తాడు కట్టి, మధ్యలో గుండ్రటి నారింజ రంగు పట్టా పరిచాడు. దాని మీదనుంచే డ్రోన్‌ను లేపాడు. ఇక్కడ పాఠకులకు ఒక్క సంగతి చెప్పాలి. ఆ డ్రోన్ ఏ చోటి నుంచి లేస్తే ఆ చోటును గుర్తుపెట్టుకుంటుంది. చేతిలోని రిమోట్‌తో సంబంధం తెగిపోతే, ఎవరి మాట కోసమూ చూడకుండా తిరిగి అక్కడికే వచ్చి దిగుతుంది. యంత్రం పోకుండా తయారుచేసినవాళ్లు పెట్టిన ఏర్పాటు అది.

జైపాల్ రిమోట్ పట్టుకుని వేదిక దగ్గరికి వచ్చేసరికి అక్కడ సూర్యారావుగారు కూర్చుని ఉన్నారు. కాకినాడ వైపు నుంచి నలభై ఏళ్ల కిందట ఉద్యోగానికి వచ్చి, ఓ ప్రభుత్వ కర్మాగారంలో భద్రతాధికారిగా రిటైరై, అమీన్‌పూర్‌లో స్థిరపడిన మనిషి. జైపాల్ ఫ్యాక్టరీకి వచ్చి ప్రమాదాల మీద పాఠాలు చెప్పేదీ ఆయనే.

"ఏం జైపాల్, దీనికి పర్మిట్ ఎవరిచ్చారు?" అన్నారాయన నవ్వుతూ.

"ఇది ప్లాంట్ కాదు గద సార్, పండుగ."

"పైన నిప్పు, కింద జనం. మధ్యలో అది పాడైతే ఎక్కడ పడుతుందయ్యా?"

"పడది సార్. లేసిన కాడికే మల్ల ఒస్తది. ఆడ ఎవ్వరు లేరు, తాడు కట్టిన."

సూర్యారావుగారు ఇంకేదో అనబోయి, పండుగ పూట ఎందుకులే అని ఊరుకున్నారు.

అప్పుడే జమ్మిచెట్టు దగ్గర పూజ చూసుకుని శివమ్మ మనవరాలితో వచ్చింది. పిడికిట్లో జమ్మి ఆకు ఉంది. జనంలో నెట్టుకోలేక ఆయాసపడుతున్న తల్లిని చూసి జైపాల్‌కి జాలి వేసింది. చేయెత్తి చూపించాడు.

"అవ్వా, గా తాడు లోపలికి పో. పట్టా మీద సల్లంగ కూసో. ఆడ నిన్ను ఎవ్వరు నెట్టరు."

ఆమె మనవరాలితో వెళ్లి కూర్చుంది. అవును, ఆ పట్టా మీదే. ఇప్పుడే సూర్యారావుగారికి చెప్పిన మాట జైపాల్‌కి గుర్తు రాలేదు. వెల్డర్ మంట వెలిగించే ముందు నాలుగు దిక్కులూ చూసే మనిషి, తల్లికి మంచి చోటు దొరికిందనే సంతోషంలో ఒక్క దిక్కూ చూడలేదు.

రావణుడి బొమ్మ అంటుకుంది. తారాజువ్వలు లేచాయి. తలెత్తి చూసేవాళ్లకన్నా ఫోనెత్తి చూసేవాళ్లే ఎక్కువగా ఉన్నారు. బాలరాజ్ జైపాల్ భుజం మీదుగా రిమోట్‌కి బిగించిన ఫోనులోకి తొంగి చూస్తూ, "ఇంక జెర దగ్గరికి తీస్కపో అన్నా! నడుమల్లకు! కిరాక్ ఉంటది" అన్నాడు. జైపాల్ తీసుకుపోయాడు.

తెర తెల్లబడింది. మరుక్షణం నల్లబడింది. మండుతున్న తునక ఏదో తగిలినట్టుంది, రిమోట్‌తో సంబంధం తెగిపోయింది. పొగలో డ్రోన్ ఎటుందో కనబడలేదు.

"పోయిందా?" అన్నాడు బాలరాజ్ కంగారుగా.

"పరేషాన్ గాకు. దానంతటదే ఒస్తది. లేసిన కాడికే..."

మాట సగంలో ఆగింది. రిమోట్ అక్కడే పారేసి పరుగెత్తాడు. "అవ్వా! లెవ్! పక్కకు జరుగు!" అని గొంతు చించుకున్నాడు. పైన ఒకదాని వెనక ఒకటి పేలుతున్నాయి. అతని కేక అతనికే వినబడలేదు.

పొగలోంచి డ్రోన్ వచ్చింది. ఒక పక్క కాలి, వణుకుతూ, తన చోటు తప్పకుండా వచ్చింది. ఇంటి ముందు అది దిగినప్పుడల్లా చప్పట్లు కొట్టడం అలవాటైన బిడ్డ కదా, శ్రీదివ్య లేచి నిలబడి, "మన డ్రోన్ నాయనమ్మా!" అని రెండు చేతులూ పైకి చాచింది. తిరుగుతున్న రెక్కలు పిల్ల ముఖం మీదికి వస్తుంటే శివమ్మ ఆలోచించలేదు. కుడిచేయి అడ్డం పెట్టింది.

జైపాల్ చేరేసరికి పట్టా మీద జమ్మి ఆకు చెదిరి ఉంది. దాని మీద రక్తం.

సంగారెడ్డి ఆసుపత్రిలో రాత్రికి రాత్రే కుట్లు వేశారు. పిల్లకు కనుబొమ్మ పైన చిన్న గీత పడింది, అంతే. శివమ్మ చూపుడు వేలు, మధ్య వేలు నరాలు తెగాయి. వేళ్లు నిలుస్తాయి కాని ఇక వంగవని డాక్టరు చెప్పాడు. ముప్పై ఏళ్లుగా హత్నూర దాకా పోయి నాట్లు వేసిన చేయి అది. నారు పట్టేదీ బురదలో గుచ్చేదీ ఆ వేళ్లే. ఆ మాట విని అరుణ గోడకు ఆనుకుని ఏడ్చింది. శివమ్మ మాత్రం, "పోరి కన్ను బాగున్నది గద, సాలు" అంది.

మర్నాడు సూర్యారావుగారు వచ్చారు. జైపాల్ తల ఎత్తలేదు.

"తిట్టండి సార్."

"తిట్టే అర్హత నాకు లేదయ్యా," అన్నారాయన మంచం పక్కన కూర్చుంటూ. "నేనూ అడిగి ఊరుకున్నాను కదా. ప్లాంట్‌లో అయితే ఊరుకునేవాణ్ణా? చేయి పట్టుకుని పని ఆపించేవాణ్ణి. పండుగ కదా, నలుగురిలో బాగుండదని మొహమాటపడ్డాను. జీతం ఇచ్చే చోట జాగ్రత్తగా ఉంటాం. మనవాళ్లు కూర్చునే చోట ఎందుకుండం? నిప్పుకి గేటు లోపలా బయటా అని తేడా ఉందా?"

జైపాల్ ఎన్నో పర్మిట్ల మీద సంతకాలు పెట్టిన తన చేతిని చూసుకుంటూ కూర్చున్నాడు.

ఏడాది తిరిగింది. మళ్లీ దసరా వచ్చింది. ఈసారి పీట మీద డ్రోన్ లేదు. సాయంత్రం జమ్మి పూజ కాగానే బాలరాజ్ శివమ్మ ఇంటికి వచ్చాడు. జమ్మి ఆకునే బంగారమంటూ పెద్దల చేతిలో పెట్టి దండం పెట్టుకోవడం ఆనవాయితీ. అసలు పని ఇంకొకటి ఉంది.

"పటాన్‌చెరు నుంచి ఇంకో డ్రోనాయన ఒస్తుండన్నా," అన్నాడు జైపాల్‌తో. "నువ్వు ఎగరెయ్యకు గని, యాడికెల్లి తీస్తే మంచిగుంటదో జెర చెప్పు."

అంటూనే వంగి, "బంగారం తీస్కో పెద్దమ్మా" అని శివమ్మ కుడిచేతిలో జమ్మి పెట్టాడు. ఆమె గుప్పిట మూయబోయింది. రెండు వేళ్లు ముడవలేదు. సందులోంచి ఆకులు జారి నేల మీద పడ్డాయి. బాలరాజ్ ఏరి మళ్లీ పెట్టాడు. మళ్లీ జారాయి.

"ఎడమ చేతిల పెట్టనా?" అన్నాడు బాలరాజ్ మెల్లగా.

"పండుగ పూట ఎడమ చెయ్యి పడ్తనా బిడ్డా?" అంది శివమ్మ, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

జైపాల్ వచ్చి కింద కూర్చున్నాడు. ఆకులు ఏరి తల్లి అరచేతిలో పెట్టి, అవి జారకుండా తన చేత్తో ఆమె వేళ్లను పట్టుకున్నాడు. కిందటేడు, "ఇంక జెర దగ్గరికి" అన్న బాలరాజ్ ఆ చేతినే చూస్తూ ఫోను తీసి, "పటాన్‌చెరు అన్నా, నువ్వు రాకు. ఈసారి మా ఊళ్లె డ్రోన్ లేదు" అని పెట్టేశాడు.

జైపాల్ తల్లి చేయి వదలకుండానే అన్నాడు: "పోయినేడు గూడ నా ఫోన్ల జనమంత చీమల లెక్క కనవడ్డరు బాలరాజన్నా. గా చీమలల్ల మా అవ్వ గూడ ఉండె. మీద టపాసులు కాలంగ, కింద మనుషులుండంగ డ్రోన్ ఎగరేసుడు తమాష కాదు, తప్పు."