చేతిలో ట్రే ఉంటేనే

ముప్పై ఏళ్లపాటు ఒక చేతిమీద నాలుగు ప్లేట్లు, రెండో చేతిలో కాఫీ ట్రే పెట్టుకుని బల్లల మధ్య చేపపిల్లలా తిరిగిన హోటల్ సర్వర్‌కి ఒకనాటి పొద్దున ఎడమకాలు మాట వినడం మానేసింది. వచ్చింది చిన్నపాటి పక్షవాతమే. తొందరగానే తేరుకున్నాడు గానీ నడక మాత్రం తడబడుతూనే ఉంది.

ఆసుపత్రిలో నడక నేర్పే అమ్మాయి నేలమీది తెల్లగీత చూపించింది. "బాబాయ్‌గారూ, ముందు ఊరికే నడవండి. తర్వాత ట్రేలో నీళ్ల గ్లాసు పెట్టుకుని నడుద్దురుగాని. రెండు పనులు ఒకేసారంటే ఎవరికైనా కష్టమే, కంగారుపడకండి."

ఊరికే నడిచాడు. నాలుగడుగులకే గీత అటు, ఆయన ఇటు. బెంచీమీద కూర్చున్న భార్య కళ్లు మూసుకుంది.

తర్వాత ట్రే ఇచ్చారు. అది అరచేతికి తగలగానే ఆయన వెన్ను నిటారుగా లేచింది. గీత చివరిదాకా వెళ్లి, అడ్డొచ్చిన కుర్చీని ఒడుపుగా తప్పించుకుని తిరిగొచ్చాడు. చుక్క తొణకలేదు.

"ఇలా జరగకూడదే!" అంటూ ఆ అమ్మాయి కాగితాలు తిరగేసింది. అనుమానం తీరక తానే ట్రే పట్టుకుని నడిచి చూసింది. సగం నీళ్లు చెప్పుల్లోకి పోయాయి.

"గ్లాసుకేసి చూడకు తల్లీ, వెళ్లేచోటు చూడు," అన్నాడాయన.

ఏం లాభం? మొదటి పరీక్ష తప్పితే రెండోది లెక్కలోకి రాదట. 'బరువు పట్టుకుని నడవరాదు' అని రాసిచ్చింది.

హోటల్ యజమాని ఆ కాగితాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. "బాబాయ్, ఇక ట్రే ముట్టుకోకు. వచ్చినవాళ్లని బల్లదాకా తీసుకెళ్లు, చాలు."

వట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మూడురోజులు అవస్థపడ్డాడు. నాలుగోరోజు ఒక పెద్దమనిషిని మర్యాదగా కూర్చోబెట్టి, కాలు మడతపడి ఆ పెద్దమనిషి ఒళ్లోనే కూలబడ్డాడు.

యజమాని పరుగున వచ్చి లేపాడు. క్షమాపణలన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "ఆసుపత్రిలో చెప్పకు గానీ, ఆరో బల్లకి నాలుగు సూపులు ఇందాకట్నుంచీ ఆగిపోయాయి, పట్టుకెళ్లు," అన్నాడు.

పట్టుకెళ్లాడు. కిక్కిరిసిన బల్లల మధ్య ఎడమకాలి సంగతే గుర్తురాలేదు. ఆరో బల్లావిడ ఒక చెంచా నోట్లో పెట్టుకుని కస్సుమంది. "చల్లారిపోయింది! ఇంతసేపా తేవడం?"

"ఇప్పుడే మార్చి తెస్తానమ్మా," అని నాలుగు గిన్నెలూ ఎత్తుకుని, ఎన్నాళ్లకో తిన్న ఆ తిట్టుకి నవ్వు ఆపుకోలేక, ఆయన వంటగదివైపు ఇంచుమించు పరిగెత్తాడు.