పక్కటెముకల్లో కాపురం

నేను ఒక ఈటె మొనను. చెప్పుకోవడానికి అలా చెప్పుకుంటాను గానీ, పుట్టుక చూస్తే మడక కర్రును. మట్టి దున్నాల్సినదాన్ని యుద్ధానికి పోయాను. పోయి, చంపాల్సిన మనిషికి చావే లేకుండా చేశాను. ఇంత పనికిమాలిన ఆయుధం భూమ్మీద ఇంకోటి ఉండదు. అందులోనైనా నాకు మొదటి స్థానం ఇవ్వండి.

ఎప్పుడో కోటల్లో రాజులుండే రోజుల్లో, పెన్న ఒడ్డున ఒక కమ్మరి నన్ను కర్రుగా సాగదీశాడు. ఏరువాక పున్నమినాడు రైతు ఇంట్లో నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, "తల్లీ, నువ్వు దిగిన చోటంతా పచ్చగా ఉండాల" అని మొక్కారు. మరునాడే కోట నుంచి భటులొచ్చి ఈటెలు కావాలన్నారు. ఊళ్ళో ఇనుము కరువు. కమ్మరి కంగారులో రైతు మడక నుంచి నన్నే ఊడబెరుక్కొచ్చి కొలిమిలో తోశాడు.

తప్పు అక్కడే జరిగింది. కమ్మరి ఇళ్ళల్లో ఒక ఆచారం ఉండేది. పూజ అందుకున్న కర్రును వేరే పనికి మలచాలంటే ముందు దాన్ని దింపాలి. అంటే కమ్మరి ఇంటి ఆడమనిషి దానిమీద చెంబెడు నీళ్ళు పోసి, "నీ పని తీరింది తల్లీ, దిగు" అని చెప్పాలి. అది చెప్పేదాకా ఇనుము మొక్కుకు కట్టుబడే ఉంటుంది. భటుడు గుమ్మంలో నిలబడి అరుస్తుంటే కమ్మరికి ఆచారం ఎక్కడ గుర్తుంటుంది? నాకేమో ఒళ్ళంతా సంబరం. బురదలో పొర్లే బతుకు పోయి వీరుల చేతుల్లోకి పోతున్నాననుకున్నాను.

నా వీరత్వం ఒక్క పోటుతో ముగిసింది. బయ్యప్ప అనే పడుచు బంటు ఎడమ పక్కటెముకల్లో దిగాను. ఈటె కర్ర విరిగింది, నేను లోపలే ఉండిపోయాను. ఆయన చచ్చిపోవాలి కదా? పసుపు కుంకుమలు పుచ్చుకున్న నాకు ప్రాణం తీయడం చేతకాలేదు. దిగిన చోటల్లా పచ్చగా ఉంచడమే నాకు తెలుసు. అలా బయ్యప్ప చావలేదు, ముసలివాడు కాలేదు, గాయమూ మానలేదు. కాపురం పెట్టేశాను.

పోనీ కుదురుగానైనా ఉన్నానా? తొలకరి పడిందంటే చాలు, నాకు దున్నాలనిపిస్తుంది. ఉన్నచోటే నాలుగు సాళ్ళు తీసేదాన్ని. పాపం, బయ్యప్ప పళ్ళు బిగబట్టి గోడకు ఆనుకుని కూలబడేవాడు. ఎందరో వైద్యులు పట్టుకుని లాగారు, నేను రాలేదు. ఆయన ప్రాణం నిలబెట్టేది నేనేనని మురిసిపోయేదాన్ని. అద్దెకు దిగి ఇల్లు నాదేనంటారే, ఆ రకమన్నమాట.

ఆయన రెండుసార్లు పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరు భార్యలూ ముసలివాళ్ళై ఆయన చేతుల్లోనే పోయారు. రెండుసార్లూ ఆయన ఏడ్చిన ఏడుపు ఈ ఎముకల మధ్యనుంచే వచ్చింది, నేను మొత్తం విన్నాను. ఇంక చాలు, ఎవర్నీ ప్రేమించనని ఒట్టుపెట్టుకున్నాడు. తర్వాత ఊరు మారుతూ, పేరు మారుస్తూ శతాబ్దాలు గడిపాడు.

అలా తిరిగి తిరిగి ప్రొద్దుటూరు దారిలో సుంకులమ్మ దుకాణానికి కూలికి వచ్చాడు. సుంకులమ్మ కమ్మరోళ్ళ బిడ్డ. తండ్రి పోయాక కొలిమి ఆర్పకుండా, పక్కనే వెల్డింగ్ మిషన్ పెట్టి ట్రాక్టరు గుంటకలు బాగుచేసేది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళంతా దుకాణం మూసేయమన్నారు. ఆమె దుకాణం ఉంచుకుని వాళ్ళను పంపించేసింది.

"సమ్మెట ఎత్తుతావా, ఊరికే మీసాలు పెంచినావా?" అని అడిగింది మొదటి రోజే.

ఆయన ఎత్తాడు. కొన్నాళ్ళకు మధ్యాహ్నం అన్నాలప్పుడు పెద్ద జొన్నరొట్టె ఆయన పళ్ళెంలోకి రావడం మొదలైంది, ఊరుబిండి పచ్చడి కూడా మొహమాటం లేకుండా పడేది. ఆమె అడుగుల చప్పుడు వింటే చాలు, ఆయన గుండె దబదబ కొట్టుకునేది. గుండె నాకు పొరుగిల్లు కదా, సంగతి అందరికంటే ముందు నాకే తెలిసింది. ఆ గోలకు నాకు నిద్ర లేదు.

ఆ ఏడు తొలకరి పట్టపగలే దంచి కొట్టింది. నేను నా వెధవ అలవాటు కొద్దీ కదిలాను. బయ్యప్ప సమ్మెట వదిలేసి ఇనుము పెట్టి కొట్టే దాగలి పక్కనే పడిపోయాడు. చొక్కా ఎర్రబడింది. సుంకులమ్మ పరుగెత్తుకొచ్చి చొక్కా చింపి చూసింది. ఆయన ఇక దాచలేక మొత్తం చెప్పేశాడు.

"నేను యాడికన్నా పోతా సుంకులమ్మా. నువ్వు ముసలిదానివైతావు, నేను ఇట్లే ఉంటా. ఇంకొకరిని మట్టిలో పెట్టే ఓపిక నాకు లేదు."

"నన్ను మట్టిలో పెట్టే ముచ్చట తర్వాత. ముందు నన్ను చేసుకుంటావో లేదో చెప్పు!"

ఆమె గాయం మీదికి వంగి వాసన చూసింది. ఇన్నేళ్ళ నెత్తురులోనూ నా ఒంటి పసుపు వాసన పోలేదు.

"అయ్యో, ఇది పూజైన కర్రు! దింపకుండానే ఈటె చేసినారు దీన్ని, ఎవరో తొందరపాటు మనిషి. మా అవ్వ చెప్పిన మాటలు నాకు తెలుసు, దింపుతా. కానీ నువ్వు ఊ అనకుంటే చెయ్యి వెయ్యను."

"అది దిగిన వెంటనే నేను పోతే?"

సుంకులమ్మ చింపిన చొక్కా గుడ్డతో నెత్తురు అద్దింది. "పోతే ఏడుస్తా. బతికితే నాతోపాటు ముసలోడివైతావు. నాకైతే అదే కావాల."

ఆయన వాన వంక చూసి, ఊ అన్నాడు.

ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆయన్ని కాదు, నన్ను పలకరించింది. "తల్లీ, చానా కాలం మోసినావు. నీ పని తీరింది. దిగు."

లాగినవాళ్ళే గానీ నన్ను అడిగినవాళ్ళు అంతవరకూ ఒక్కరూ లేరు. నాకు ఏడుపొచ్చింది. భయమూ వేసింది. నేను దిగితే ఈ మనిషి ఏమైపోతాడు? దిగకపోతే ఈమెనూ పాతిపెట్టి, మళ్ళీ ఆ ఏడుపే ఏడుస్తాడు. ఆ ఏడుపు మూడోసారి వినడం నా వల్ల కాదు. పట్టు వదిలేశాను. పట్టకారుకు పుచ్చుపన్నులా ఊడి వచ్చాను. ఇంతేనా నా ప్రతాపం!

నేల మీద పడ్డాక గుండె చప్పుడు వినబడలేదు. నెత్తురు పొంగింది. ఆమె రెండు అరచేతులూ గాయం మీద అదిమి, "పోవద్దయ్యా, పోవద్దు" అని అరుస్తోంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను చంపేశాననుకున్నాను. కొంతసేపటికి నెత్తురు ఆగింది. ఆయన కళ్ళు తెరిచి, "రొట్టె ఉందా? ఆకలైతాంది" అన్నాడు. ఆమె పగలబడి నవ్వుతూ ఏడ్చింది.

ఆ శ్రావణంలో పెళ్ళయింది. గాయం చెక్కు కట్టి మానింది. మొదటి తెల్ల వెంట్రుక కనబడ్డ రోజు ఆయన దుకాణానికి వచ్చిన రైతులందరికీ తల వంచి చూపించాడు. తెల్ల వెంట్రుకకు అంత ముచ్చటపడే మొగుణ్ణి చూసి వాళ్ళు సుంకులమ్మ మీద జాలిపడ్డారు. నేను ఇప్పుడు విరిగిన బోల్టుల మధ్య, తుక్కు డబ్బాలో ఉన్నాను. ఇక్కడ నా యుద్ధం కబుర్లు ఎవరూ నమ్మరు. నమ్మకపోవడమే మంచిది.

మొన్న సుంకులమ్మకు వారంరోజులు జ్వరం కాసింది. లేచి మళ్ళీ కొలిమి దగ్గరికి వచ్చిందే గానీ దగ్గు తగ్గలేదు. ఆయన మొహం పాలిపోయింది. గుంటక పళ్ళు సరిచేస్తూ చేస్తూ ఆగిపోయి, "సుంకులమ్మా, ఒకటి అడుగుతా, కాదనొద్దు" అన్నాడు.

"చెప్పు."

"ఈసారి నన్ను ముందు పోనీ."

ఆమె సమ్మెట కిందపెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"సరే, నువ్వే ముందు పో. ఆ బాధేదో నేను పడతాలే."