ముగింపు గీత

రెండు స్టాప్‌వాచీలకూ కీ ఇచ్చి, ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని విన్నాక గానీ ఎనిడ్ కాచ్‌పోల్ కోటు విప్పలేదు. తరవాత పాత పత్రికని వెనిగర్‌లో తడిపి కిటికీ అద్దాలు తుడిచింది. నాలుగు పెన్సిళ్ళు చెక్కి, మొనలన్నీ నీటివైపు ఉండేలా బల్ల మీద వరసగా పేర్చింది. ఫలితాల కాగితం పైన తేదీ వేసింది. 1993 అక్టోబరు 17, ఆదివారం. గాలి నైరుతి. పోటు తీస్తోంది.

థార్న్‌వెల్ సెయిలింగ్ క్లబ్బంటే తారు పూసిన పొడవాటి చెక్క హాలు, దాని నెత్తిన పావురాల గూడంత గది. మూడు పక్కలా కిటికీలున్న ఆ గదిలో పందొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం ఎనిడ్ కూర్చుంటోంది. కింద జెట్టీ దగ్గర ఒక స్తంభం, సముద్రంలో కలిసే ఆ ఏటి మధ్యలో తేలే ఒక నారింజరంగు బోయా. ఆ రెంటినీ కలిపే, కంటికి కనపడని గీతే ముగింపు గీత. ఏ పడవ ముక్కు ఆ గీతని ఏ సెకనుకి తాకిందో ఆవిడ రాస్తుంది. వేగంగా పోయే పడవలూ, నింపాదిగా పోయేవీ కలిసే పందెంలో ఉంటాయి కాబట్టి ఒక్కో రకానికి ఒక్కో అంకె ఉంటుంది. పట్టిన కాలాన్ని ఆ అంకెతో భాగిస్తే అసలు గెలిచినవాళ్ళెవరో తేలుతుంది. ఆ లెక్కలు ఆవిడే చేస్తుంది. సోమవారం మధ్యాహ్నంలోగా ఊరి వారపత్రికకి 'థార్న్‌వెల్ పందేల వార్తలు' కూడా ఆవిడే రాసి ఇస్తుంది. తను మాత్రం ఇంతవరకూ పడవెక్కలేదు. ఈత రాదు.

పొట్టి మనిషి. అరవై ఒకటో ఏడు. ఆదివారం తప్ప మిగతా ఆరు రోజులూ డ్రైక్లీనింగ్ దుకాణం వెనకగదిలో కూర్చుని, వచ్చిన ప్రతి కోటు కాలరులోనూ అంకె వేసిన గుడ్డముక్క కుట్టడం ఆవిడ పని. ముప్ఫై నాలుగేళ్ళ నుంచీ అదే కుర్చీ. సూది పోట్లకి కుడిచేతి చూపుడువేలి కొస కాయలా గట్టిపడిపోయింది. ఊళ్ళో సగంమంది ఎదురైతే ముందు వాళ్ళ కోటు అంకె గుర్తొస్తుంది, ఆ తరవాతే పేరు. నీటి మీద కూడా అంతే. మనుషులు కనపడరు, తెరచాప మీది అంకెలు కనపడతాయి. తల్లి ఉన్నన్నాళ్ళూ ఆదివారం సాయంత్రం ఆ అంకెలన్నీ తల్లికి చదివి వినిపించేది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది.

మెట్లు కిర్రుమన్నాయి. ఆల్బీ థర్‌కెటిల్ తలుపు నిండా నిలబడ్డాడు. బీరు కోసం బార్లీ మొలకెత్తించే మాల్ట్ కొట్టులో నలభై ఏళ్ళు బార్లీ బస్తాలు మోసిన భుజాలు. ఎర్రటి చెవులు. కిందికి లాగిన ఉన్ని టోపీ. ఎవరి పడవైనా బోర్లాపడితే బూడిదరంగు రబ్బరు పడవలో వెళ్ళి లాక్కొచ్చేది అతనే. పందొమ్మిదేళ్ళుగా అతనూ ప్రతి ఆదివారం వస్తున్నాడు.

"ఏం పిల్లా, ఇవాళెంతమంది మునుగుతారంటావ్?"

"పదకొండు పడవలు. మూడింటికల్లా గాలి పెరుగుతుందట."

"డెరిక్ వచ్చాడా?"

"వచ్చాడు."

"అయితే నా పని అయినట్టే! వాడు తిరిగొచ్చేసరికి క్రిస్మస్ వచ్చేస్తుంది."

"వెక్కిరించకు. వినపడుతుంది అతనికి."

"విననీ. రొట్టెలు కాల్చేవాడికి గాలితో పనేంటి, చెప్పు?" అంటూ కిటికీ గట్టు మీంచి ఒక బిస్కెట్ తీసుకుని నోట్లో వేసుకుని దిగి వెళ్ళిపోయాడు. ఎనిడ్ అతని వైపు చూడనైనా లేదు. జెండా తాడు చిక్కుపడితే విప్పుకుంటోంది.

సరిగ్గా రెండింటికి హారన్ మోగించింది. పదకొండు తెరచాపలూ ఒక్కసారిగా ఒరిగి గీత దాటాయి. ఎవరూ ముందుగా దూకలేదు. ఏటి నీళ్ళు సీసపు రంగులో ఉన్నాయి. అవతలి గట్టున బురదమేటలు అప్పుడే తేలుతున్నాయి. మొదటి చుట్టులో 1418, పశువుల డాక్టరు ఫిలిప్పా పడవ, ముందుంది. రెండో చుట్టులో ఒక కుర్ర జంట బోర్లాపడింది. ఆల్బీ రబ్బరు పడవ పక్కకి పోయి నిలబడింది, వాళ్ళు లేచారు, మళ్ళీ బయల్దేరారు. ఎనిడ్ వాళ్ళ అంకె పక్కన చిన్న చుక్క పెట్టింది.

రెండూ యాభైకి బల్ల మీది రేడియో గరగరలాడింది. ఆల్బీ గొంతు.

"ఎనిడ్, దూరపు మలుపు బోయా దగ్గరున్నా. ఫిలిప్పా ఇంకా ముందే ఉంది. నాకో కేకు ముక్క దాచిపెట్టు. మన ప్రెసిడెంటు హ్యూ ముందొచ్చాడంటే పళ్ళెంతో సహా మింగేస్తాడు."

"ఊఁ" అంది ఎనిడ్.

పడవలు ఆఖరి మలుపు తిరిగాయి. గాలి నిజంగానే పెరిగింది. అయిదు పడవలు ఒకే గుంపుగా, ఒకదాని తెరచాప ఇంకోదాన్ని కప్పేస్తూ గీతవైపు దూసుకొస్తున్నాయి. ఇలాంటప్పుడు ఎనిడ్‌కి పెన్సిలు రాసే చప్పుడు కూడా భరించరానిదే. రేడియో ఏదో గరగరమంటోంది. చూపు గీత మీంచి తియ్యకుండానే ఎడమచేత్తో దాని బొడిపె పట్టుకుని చివరిదాకా తిప్పి శబ్దం పూర్తిగా తగ్గించేసింది. ప్రతి ఆదివారం చేసే పనే. మూడూ అయిదయింది.

1418, మూడూ ఆరు నిమిషాల నలభై ఒక్క సెకన్లు. 902, నలభై తొమ్మిది. 77, యాభై. హారన్, పెన్సిలు, హారన్, పెన్సిలు. మూడూ పందొమ్మిదికల్లా పది పడవలు గీత దాటాయి. ఎనిడ్ వెనక్కి వాలి ఊపిరి పీల్చుకుంది. ఒక్క సెకనూ తప్పిపోలేదు.

పదకొండోది డెరిక్ మన్నింగ్స్. చూస్తూండగానే అతని పడవ దారి వదిలేసి అవతలి బురదవైపు తిరిగింది. మానేశాడు కాబోలనుకుని అతని అంకె ఎదురుగా 'విరమణ' అని రాసింది. మళ్ళీ తలెత్తితే అతను పడవలో నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. ఏం సంబరమో ఈ మనిషికి! బైనాక్యులర్ తీసి చూసింది. డెరిక్ పక్కన రబ్బరు పడవ ఉంది. అడ్డంగా తిరిగి, పోటు తీసే నీటితో మెల్లగా కొట్టుకుపోతోంది.

ఎనిడ్ రేడియో శబ్దం పెంచింది. హుష్‌మనే ఉత్త చప్పుడు.

"ఆల్బీ, డెరిక్ ఎందుకో పిలుస్తున్నాడు. చూడు."

హుష్‌మనే చప్పుడు.

"ఆల్బీ? వినపడుతోందా?"

బైనాక్యులర్ మళ్ళీ ఎత్తింది. రబ్బరు పడవ తిరిగి లోపలంతా కనిపించింది. ఒక తెడ్డు. తాళ్ళ చుట్ట. మనిషి లేడు.

హారన్ మీట మీద చెయ్యి వేసింది. తియ్యలేదు. కింద పడవలు కడుగుతున్నవాళ్ళూ, మగ్గులు పట్టుకున్నవాళ్ళూ తలలెత్తి చూశారు. క్లబ్బు అధ్యక్షుడు హ్యూ లాంబర్ట్ కేకు పళ్ళెంతో మెట్ల దగ్గరే ఆగిపోయాడు. పందొమ్మిదేళ్ళలో గొంతు పెంచని మనిషి కిటికీ తోసి అరిచింది.

"ఆల్బీ లేడు! పడవలో ఆల్బీ లేడు!"

ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. తెరచాపలు దించినవాళ్ళు మళ్ళీ ఎత్తారు. తడిబట్టలు మార్చుకున్నవాళ్ళు పొడిబట్టలతోనే పడవలు నీళ్ళలోకి తోశారు. గంట కిందట ఒకరినొకరు దాటడానికి కేకలేసుకున్న పది పడవలూ ఇప్పుడు ఒకే వరసలో, పక్కపక్కనే, ఏ చప్పుడూ లేకుండా ఏరంతా వెతుక్కుంటూ పోయాయి. ఎనిడ్ కిటికీ దగ్గరే నిలబడి ఉంది. అలవాటు కొద్దీ చెయ్యి స్టాప్‌వాచీ మీదికి పోయింది. అది ఇంకా నడుస్తూనే ఉంది.

ఫిలిప్పాకి కనిపించాడు. దూరపు బోయాకి దిగువన, ఆల్చిప్పలు పెంచే మడుల దగ్గర పాతిన కర్రల మధ్య. లైఫ్‌జాకెట్ అతన్ని వెల్లకిలా తేల్చి ఉంచింది. టోపీ లేదు.

అతన్ని జెట్టీ మీదికి చేర్చేసరికి నాలుగు కావస్తోంది. సన్నగా వాన మొదలైంది. అంబులెన్సువాళ్ళు చాలాసేపు ప్రయత్నించారు. చివరికి వాళ్ళలో పెద్దతను లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. గుండె అయ్యుంటుంది, నీళ్ళలో పడకముందే పోయుంటాడు అన్నాడు. అయ్యుంటుంది అనే అన్నాడు. ఆ మాటలోని సందేహాన్ని అక్కడున్నవాళ్ళు పట్టించుకోలేదు. ఎనిడ్‌కి మాత్రం చెవిలోనే ఉండిపోయింది.

ఆల్బీ తొడకి చుట్టుకున్న ఎర్రతాడు ఇంకా అతని కాలికే ఉంది. మనిషి జారిపడితే ఇంజను ఆగిపోయేలా దాని రెండో కొస మీటకి తగిలించి ఉంటుంది. ఆ తాడు దాని పని అది చేసింది. ఇంజను ఆగిపోయింది కాబట్టే ఏ గోలా పుట్టలేదు. ఏ గోలా పుట్టలేదు కాబట్టే ఎవరూ అటు తల తిప్పలేదు.

హాల్లో డెరిక్ నేల మీద కూర్చుని ఉన్నాడు. అతని మడమల చుట్టూ నీళ్ళు మడుగు కట్టాయి. ఎవరో భుజాల మీద దుప్పటి కప్పారు.

"నేనెప్పుడూ ఆఖరే కదండీ ఎనిడ్ గారూ. అందుకే కనిపించింది. కాస్త ముందున్నా చూసేవాణ్ణి కాదు" అన్నాడు.

ఎనిడ్ అతని నెత్తి మీద చెయ్యి వేసింది. చెయ్యి వేశానని ఆవిడకే తెలియలేదు.

కానిస్టేబులమ్మాయికి పాతికేళ్ళుంటాయి. పుస్తకం తెరిచి మెత్తగా అడిగింది. "ఆయన్ని మీరు చివరిసారి ఎన్నింటికి చూశారండీ?"

ఎనిడ్ ఫలితాల కాగితం ముందుకి జరిపింది. పది పడవలు, పది సమయాలు, ఒక్కొక్కటీ సెకనుతో సహా. కాగితం పైనుంచి కిందికీ, కిందనుంచి పైకీ చూసింది. ఆ అమ్మాయి ఓపిగ్గా నిలబడింది.

"తెలీదమ్మా. చూశాను. చూస్తూనే ఉన్నాను. కానీ... రాయలేదు."

"పరవాలేదండీ. మాట్లాడింది ఎప్పుడు?"

"రెండూ యాభైకి. కేకు గురించి." కాగితం మీంచి చెయ్యి తీసింది. "మూడూ అయిదుకి రేడియో శబ్దం తగ్గించేశాను. పదహారు నిమిషాలు. అప్పుడేదో గరగరమంది. అతనే అయ్యుండొచ్చు."

హ్యూ చటుక్కున మధ్యలోకి వచ్చాడు. ఊళ్ళో వకీలు. "ఇదంతా ఎందుకు ఎనిడ్? గుండె అన్నారుగా. గాలికి రేడియో ఎప్పుడూ గరగరమంటూనే ఉంటుంది. రాసుకోకమ్మాయ్, ఆవిడ మనసేం బాగాలేదు."

"నా మనసుకేం, బాగానే ఉంది" అంది ఎనిడ్. "రాసుకో అమ్మా."

ఆ అమ్మాయి రాసుకుంది.

అందరూ వెళ్ళాక ఎనిడ్ పైకెక్కింది. చేతులు ఊరుకోలేకపోయాయి. ఒక్కో కాలాన్నీ ఒక్కో అంకెతో భాగించుకుంటూ పోయింది. గెలిచింది ఫిలిప్పా కాదు, 77. తేడా ఎనిమిది సెకన్లు. ఆ ఎనిమిది సెకన్ల కోసమే చెవులు మూసుకున్నానన్న మాట, అనుకుంది.   పెన్సిలు కింద పెట్టేసింది. ఏడుపు రాలేదు.

అల్మారాలోంచి పాత పత్రికల కత్తిరింపులు అంటించిన పుస్తకాలు దించింది. పందొమ్మిదేళ్ళ వార్తలు, అన్నీ ఆవిడ రాసినవే. గెలిచినవాళ్ళు, రెండోవాళ్ళు, బోర్లాపడి నవ్వించినవాళ్ళు, కేకులు చేసి తెచ్చిన ఇల్లాళ్ళు. ఆ బోర్లాపడ్డవాళ్ళని ఎవరు లేపారన్నది మాత్రం ఎక్కడా లేదు. 'సహాయక పడవ వెంటనే చేరుకుంది' అని ఉంది. పడవ దానంతటదే వెళ్ళినట్టు. ఆల్బీ పేరు ఒక్కచోటే దొరికింది, ఎనభై నాలుగో సంవత్సరపు వార్షిక విందు లాటరీలో మూడో బహుమతి దగ్గర. అక్కడా 'ఎ. కెటిల్' అని తప్పుగా పడింది. అతను ఏనాడూ సరిచెయ్యమని అడగలేదు.

ఎనిడ్ కొత్త కాగితం తీసుకుంది.

'థార్న్‌వెల్ పందేల వార్తలు. ఈ ఆదివారం ఫలితాలు ప్రకటించడం లేదు. పందొమ్మిదేళ్ళుగా సహాయక పడవ నడిపిన ఆల్బర్ట్ థర్‌కెటిల్, అరవై ఆరేళ్ళు, ఈరోజు నీటి మీద మరణించారు. మూడూ అయిదుకి రేడియో శబ్దం తగ్గించబడింది.'

చదువుకుంది. చివరి మాట దగ్గర పెన్సిలు ఆగింది. అది కొట్టేసింది. వార్తల్లో తన గురించి ఆవిడ ఎన్నడూ ఒక్క ముక్క రాసుకోలేదు. ఎలా రాస్తారో తెలియక పెన్సిలు మళ్ళీ చెక్కింది. తరవాత, చంటిపిల్లలు అక్షరాలు దిద్దినట్టు నొక్కి నొక్కి రాసింది.

'తగ్గించింది నేను. పదకొండు పడవల మీదా కన్ను వేసి ఉంచాను. పన్నెండోదాన్ని చూడలేదు. ఎనిడ్ కాచ్‌పోల్.'

మడిచి కవరులో పెట్టింది. కోటు తొడుక్కుంది. లైటు తీసేసి, మెట్లు దిగి, హాలు తలుపుకి తాళం వేసి, లాగి చూసింది. ఇంకా కాస్త వెలుతురుంది. వాన వెలిసింది. పోటు మొత్తం తీసేసి, ఏటి నిండా బురదే మెరుస్తోంది. పడవలన్నీ గుడ్డలు కప్పుకుని గట్టు మీద ఉన్నాయి.

వీధిలోకి పోవాలంటే హాలు వెనకనుంచే దారి. అక్కడ తారు గోడకి ఒక పాత సైకిలు ఆనించి ఉంది. ఆల్బీది. ఎనిడ్ దాన్ని దాటి నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చింది. తిరిగి వెళ్ళేటప్పుడు సీటు తడిగా ఉండకూడదని దానికి రొట్టెల దుకాణం ప్లాస్టిక్ సంచీ తొడిగి, అడుగున రెండు ముళ్ళు వేసి ఉన్నాయి. సంచీ మీద గుంటపడిన చోట గుప్పెడు వాననీరు నిలిచింది. కింద సీటు పొడిగానే ఉంది.