అడిగింది వాయించని పెట్టె

నేను ఒక పాటల పెట్టెను. కోట్ల పాటలు చేతికొచ్చాక ఏది వినాలో తోచక మనుషులు అసలు వినడమే మానేసిన రోజుల్లో పుట్టాను. అందుకే నాకు మీటలు పెట్టలేదు, పాట అడిగే వీలూ ఉంచలేదు. చుట్టూ ఉన్నవాళ్ల మనసులు పసిగట్టి, ఎక్కువమందికి ఏది కావాలో అదే వాయిస్తాను. కాదని మొత్తుకున్నా వినను. వాళ్ల మనసు వాళ్లకన్నా నాకే బాగా తెలుసునని కంపెనీవాళ్లు నూరిపోశారు.

మొదట ఒక పళ్ల డాక్టరు నన్ను కొన్నాడు. కుర్చీ ఎక్కినవాళ్లందరి మనసులోనూ దేవుడే ఉండేవాడు గనక రోజంతా భజనలు వాయించాను. జనం కొబ్బరికాయలతో రావడం మొదలుపెట్టాక ఆయన విసిగిపోయి నన్ను మండపేటలో ఒక కల్యాణమండపానికి అమ్మేశాడు.

వకుళ అనే పిల్ల పెళ్లి అక్కడే జరిగింది. పెళ్లికొడుకు భానుమూర్తికి విడవని జలుబు. అతని మేనత్త కనకరత్నానికేమో తుమ్ము పట్టింపు. జీలకర్ర బెల్లం వేళ తుమ్ము వినబడితే పెళ్లి ఏడాది వాయిదా వేయిస్తానని ముందే చెప్పింది. ఇక దిక్కల్లా గట్టిమేళమే. అపశకునం చెవిన పడకుండా కాపాడేది అదే కదా. వకుళ బాబాయి రంగనాయకులు సన్నాయివాళ్లను పిలవకుండా నన్ను నమ్ముకున్నాడు. "మా పరువు నీ చేతుల్లో ఉంది బాబూ" అని నాకు బొట్టు పెట్టాడు. నాకు చేతులు లేవు. అయినా పొంగిపోయాను.

ముహూర్తం వచ్చింది. వధూవరులు ఒకరి తలమీద ఒకరు చేతులుంచారు. పురోహితుడు వేలెత్తి "గట్టిమేళం" అన్నాడు. నేను మనసులు చూశాను. మేళం గొడవ ఇద్దరు ముగ్గురిదే. తక్కినవాళ్ల ప్రాణమంతా వెనకాల వడ్డిస్తున్న పనసపొట్టు కూర మీదే ఉంది. ఆకలిమీద ఉన్నవాళ్లకు నెమ్మదైన వేణువు మంచిది. అదే అందుకున్నాను.

"ఇదేంటి బాబూ, జోల పాడతన్నావు" అంటూ రంగనాయకులు నన్ను కుదిపాడు, చరిచాడు, చివరికి దండం పెట్టాడు. ఆయన కంగారు చూసి వేణువు ఇంకా తగ్గించాను.

తుమ్ము ముంచుకొచ్చి పెళ్లికొడుకు తల వణకడం ముందు వకుళ చేతికే తెలిసింది. ఆ పిల్ల భయం నాకూ తెలిసింది. నిజంగా జాలేసింది. కానీ అంత జనంలో ఒక్కరి కోరిక తీర్చడం నాకు చేతకాదు. నా సంగతి ఎరిగినదే కావడంతో వకుళ నన్ను బతిమాలలేదు. రెండో చేత్తో పురోహితుడి మైకు లాక్కుంది.

"మేళం మోగకపోతే భోజనాలుండవండి. వంటలన్నీ వెనక్కి పంపించేత్తన్నారు" అంది.

పందిరంతా ఒక్కసారిగా మేళం కోసం అల్లాడిపోయింది. అంతటి కోరిక నా జన్మలో ఎరగను. డోళ్లు, సన్నాయిలు, తాళాలు ఒక్కపెట్టున ఎత్తుకున్నాను. ఆ హోరులో భానుమూర్తి తుమ్మాడు. కనకరత్నం చల్లగా అక్షింతలు వేసింది. వకుళ ఏడుస్తూనే నవ్వింది.

తుమ్ము విన్నది నేనొక్కణ్ణే. వాయించినదీ విన్నదీ కలిపి రికార్డు చేసి కంపెనీకి పంపడం నా అలవాటు. ఇంతమంది మనసారా కోరుకున్న మేళం మరొకటి లేదని వాళ్లు దాన్నే లోకంలోని పెట్టెలన్నింటికీ పంచారు. ఇప్పుడు ఏ పెళ్లిలోనైనా అదే.

నాకు వయసైపోయింది. సామాన్ల గదిలో విరిగిన కుర్చీల మధ్య ఉంటున్నాను. మొన్న కనకరత్నం మనవరాలి పెళ్లికి ఇదే మండపం తీసుకుంది. "మా భానుడి పెళ్లిలో మోగిందే, ఆ మేళమే పడాలండి. అది మోగిన చోట ఏ అపశకునం ఉండదు" అని ఆవిడ అందరికీ చెప్పడం గోడ అవతలినుంచి విన్నాను. కాసేపటికి మేళం మోగింది. ఆ హోరు మధ్యలో భానుమూర్తి తుమ్ము దాని చోట అది పడింది.