పేపర్లో పడిన టైలర్ షాపు

గుండీలు కుడుతున్న చొక్కా పక్కన పెట్టి, మా కోడలు నాకు పేపర్ చదివి వినిపించడానికి కూర్చుంది. నాకు అక్షరాలు అంతంతమాత్రం, ఇప్పుడు చూపూ ఆనదు. ఆ రోజు మావాడి టైలర్ షాపు గురించి పడింది. ఒంటి చేత్తో నిలబెట్టాడంట. ఆ కాలర్ల పనితనం చూసి తీరాలంట.

అక్కడ ఆగిపోయింది. ఆ కాలర్లన్నీ తను కుట్టినవే. వాడు షాపులో కొలతలు తీసుకుని గుడ్డ పంపిస్తే, ఇంట్లో వంటా, గిన్నెలూ, నా మందులూ చూసుకుంటూ మెషిన్ తొక్కేది తనే. "ఇంట్లో ఉంటూ ఏదో సాయం చేస్తావులే" అనేవాడు మావాడు. "కూర్చుని చేసే పనేగా" అనేది మా ఆవిడ, ఉన్నన్నాళ్ళూ. విని విని, తను చేసేది పనే కాదేమో అనుకునేదంట. ఇప్పుడు అచ్చులోనూ అదే వచ్చేసరికి, ఇంక అదే నిజం కాబోలనిపించిందంట.

"రాసినాయన మనింటికొచ్చాడా అమ్మా?" అన్నాను.

"లేదు మామయ్యా. షాపులోనే కూర్చున్నాడు. నేను టీ పట్టుకెళ్తే, ఫోటోకి అడ్డం, పక్కకి జరగమ్మా అన్నాడు."

ఆ మాట అంటూనే పేపర్లో ఫోటో వంక చూసింది. మెల్లిగా మొహం విచ్చుకుంది.

"షాపు గుమ్మంలోంచి ఎంత కనబడిందో అంతే రాశాడు మామయ్యా. బేరాలు పెరగాలని ఈయన చెప్పిందే రాశాడు. వాళ్ళు రాయకపోతే నేను చెయ్యనట్టా?"

ఆ వారమే టైలర్ల సంఘం వాళ్ళు, తమ పుస్తకానికి షాపు గురించి రాసివ్వమన్నారు. మావాడికి రాతంటే బద్ధకం. "నువ్వే రాసిపెట్టు" అన్నాడు. రాసింది. కాలర్లు ఎవరు కుడతారో, మెషిన్ ఏ గదిలో ఉందో రాసింది. వాడు తీసిన కొలత తప్పదనీ రాసింది, ఏం తక్కువ చెయ్యలేదు.

వాడు చదివి మూతి ముడిచాడు. "ఏంటిది, సొంత డబ్బా?"

"మీ గురించి పడితే వార్త, నా గురించి నేను రాస్తే డబ్బానా? తప్పుంటే చూపించండి, కొట్టేస్తాను."

మళ్ళీ చదివాడు. ఒక్క మాటా కొట్టెయ్యలేకపోయాడు. "సరేలే. కింద నా పేరు పెట్టు."

కోడలు నవ్వింది. మూట దించుకున్న మనిషి నవ్వినట్టు నవ్వింది.

"మీ పేరెందుకండీ? ఇది నా మెషిన్ దగ్గర్నుంచి కనబడింది. చూసిందెవరో చదివేవాళ్ళకి తెలియాలి కదా" అని, తన పేరు రాసేసుకుంది.