జ్ఞానమ్మ సెలవు

యుద్ధం మొదలయ్యాక ఆ చిన్న మిషను ఆస్పత్రిలో ముగ్గురు నర్సులలో ఇద్దరు సైన్యం ఆస్పత్రులకు వెళ్ళిపోయారు. మిగిలింది జ్ఞానమ్మ ఒక్కతే. నలభై మూడులో వానలు తగ్గగానే పల్నాడంతా చలిజ్వరాలు పట్టుకున్నాయి. క్వినైను మందు దొరకదు. ఇరవై మంచాలకు యాభై మంది రోగులు.

ఒకరోజు పొద్దున ఒక ముసలాయన ఆమె చేతుల్లోనే ప్రాణం వదిలాడు. జ్ఞానమ్మ ఆయన కళ్ళు మూసింది. కూతురు గుండెలు బాదుకుంటుంటే, "కాస్త పక్కకు జరుగమ్మా, ఊడవాలి" అంది.

ఆ మాట డాక్టరు బాబూరావు చెవిన పడింది. ఆమెను వరండాలోకి పిలిచాడు.

"నువ్వు సెలవు తీసుకుని ఎన్నాళ్ళయింది?"

"గుర్తులేదండీ."

"పదిహేను రోజులు దుర్గిలో మీ అక్క దగ్గరుండి రా. ఇక్కడ నేను చూసుకుంటా."

"ఒక్కరే ఎట్టా చూస్తారండీ?"

"ఇట్టాగే ఉంటే నువ్వసలుకే దక్కవు. పో."

అక్క మరియమ్మ ఇంట్లో జ్ఞానమ్మ మూడు రోజులు లేవకుండా నిద్రపోయింది. వీధిలో రాళ్ళు చెక్కే ఉలుల మోత కూడా ఆమెను లేపలేదు. నాలుగో రోజు గోంగూర కలుపుకుని జొన్న సంగటి తిని, ఇంకో ముద్ద అడిగింది. తలకు నూనె రాస్తూ మరియమ్మ ఏదో అంటే నవ్వింది కూడా.

ఆరో రోజు నుంచి జనం మొదలయ్యారు. నర్సమ్మ వచ్చిందని ఊరంతా తెలిసింది. "మా చెల్లెలికే ఒంట్లో బాగాలేదు, ఏంది మీ గోల!" అని మరియమ్మ తరిమినా గుమ్మం వదల్లేదు. జ్ఞానమ్మ లేచి చూసింది. మందులు లేవు. తడిగుడ్డలు వేయించి, గంజి పట్టమని చెప్పి పంపింది. మర్నాడు పక్క ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకొచ్చారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మరియమ్మ చేనికి వెళ్ళింది. జ్ఞానమ్మ అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఒకామె నాలుగేళ్ళ పిల్లను భుజాన వేసుకుని వచ్చింది.

"నర్సమ్మ ఈ ఇంట్లోనే ఉందంట గదా?"

జ్ఞానమ్మ తలెత్తలేదు. "ఎల్లిపోయింది. పొద్దున్నే గురజాల పోయింది."

ఆమె కూలబడింది. మంచినీళ్ళడిగింది. జ్ఞానమ్మ చెంబుతో ఇచ్చింది. పిల్ల కళ్ళు పచ్చగా ఉన్నాయి. పిల్ల నుదుటి మీద చెయ్యి వేయబోయి జ్ఞానమ్మ వెనక్కు తీసుకుంది. తల్లి పిల్లను మళ్ళీ భుజానికెత్తుకుని వెళ్ళిపోయింది.

జ్ఞానమ్మ లోపలికి వెళ్ళి కూర్చుంది. తప్పు చేశానన్న బాధ వస్తుందేమోనని చూసింది. రాలేదు. అప్పుడు భయమేసింది.

సాయంత్రం అక్కతో చెప్పింది. మరియమ్మ వాళ్ళనూ వీళ్ళనూ అడిగితే ఆ పిల్ల తల్లి పేరు అంకమ్మ అనీ, ఉండేది రెండు కోసుల దూరంలో ఉన్న ఊళ్ళోననీ తెలిసింది. తెల్లారి ఇద్దరూ బండి కట్టించుకుని వెళ్ళేసరికి పిల్లను పూడ్చి వచ్చి, అంకమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. జ్ఞానమ్మను గుర్తుపట్టింది.

"నీళ్ళిచ్చిన అమ్మవు గదూ?"

"నేనేనమ్మా నర్సును. అబద్ధం చెప్పాను."

అంకమ్మ చానాసేపు ఆమెకేసి చూసింది. లేచి లోపలికి పోయి తలుపేసుకుంది.

అటునుంచి అటే జ్ఞానమ్మ ఆస్పత్రికి వచ్చేసింది.

"అప్పుడే వచ్చావేంది?" అన్నాడు బాబూరావు. ఆమె అంతా చెప్పింది.

"మందు లేందే నువ్వు చూసినా బతికేది కాదేమో జ్ఞానమ్మా."

"చూసేదాన్ని గదండీ, ఇదివరకైతే. నన్ను ఇంక రోగుల దగ్గరికి పంపకండి. గుడ్డలుతుక్కుంటా."

ఆయన జవాబు చెప్పేలోగా వాకిట్లో మూడు బండ్లు ఆగాయి. జ్వరాలవాళ్ళు. బాబూరావు తల దించుకున్నాడు. ఆయనకు సాయానికి ఇంకెవరూ లేరు. జ్ఞానమ్మ చేతులు కడుక్కుని బండ్ల దగ్గరికి నడిచింది.

ఆ వారం నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం నాలుగు గంటలసేపు ఆయన ఆమెను గదికి పంపి, వార్డు గుమ్మంలో తానే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరొచ్చి పిలిచినా ఆమెను కదలనిచ్చేవాడు కాదు. ఆ నాలుగు గంటలూ జ్ఞానమ్మకు ఏ మూలకూ చాలేవి కావు. మంచం మీద కూర్చుని గోడకేసి చూసేది. ఒక్కోసారి కునుకు పట్టేది.